కైలాస మానససరోవర యాత్ర: లిపులేఖ్ మార్గానికి దరఖాస్తు విధానం

టిబెట్‌లోని కైలాస పర్వతానికి, మానససరోవరానికి భారత పౌరులు వెళ్లివచ్చే అధికారిక యాత్రను కేంద్ర విదేశాంగ మంత్రిత్వ శాఖ 1981 నుంచి నిర్వహిస్తోంది. మొదట కోవిడ్ వల్ల, ఆ తర్వాత భారత్, చైనాల మధ్య ఏర్పడిన ప్రతిష్టంభన వల్ల 2020 నుంచి ఐదేళ్లపాటు నిలిచిపోయిన ఈ యాత్ర 2025 వేసవిలో తిరిగి మొదలైంది. ఆ ఏడాది 5,561 మంది దరఖాస్తు చేసుకోగా 750 మందికి అవకాశం దక్కింది. ఈ వ్యాసంలోని వివరాలు 2025 నాటి నిబంధనల ప్రకారం రాసినవి. మంత్రిత్వ శాఖ ఏటా కొత్త ప్రకటన జారీ చేస్తుంది కాబట్టి తేదీలు, రుసుములు, జట్ల సంఖ్య ఆ ఏటి ప్రకటనలో చూసి నిర్ధారించుకోవాలి.

దరఖాస్తు నింపడం కష్టమైన పని కాదు. యాత్రికులను ఎంపిక చేసే కంప్యూటర్ డ్రాలో పేరు రావడం మన చేతిలో లేదు. ఈ రెండింటి మీదే దృష్టి పెట్టి, నిజంగా మన చేతిలో ఉన్న పాస్‌పోర్టు, శరీర బరువు, రక్తపోటు, నోటరీ పత్రాల సంగతి చివరి వారాలకు వదిలేసేవారు చాలామంది ఉంటారు. డ్రాలో పేరు వచ్చాక ఢిల్లీ వైద్య పరీక్షలోనో, అంతకంటే బాధాకరంగా సరిహద్దు దగ్గరి గుంజి గ్రామంలోనో వెనుదిరగవలసి రావడం ఎవరికీ జరగకూడదన్న ఉద్దేశంతోనే ఇక్కడ ఆ విషయాలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మార్గం ఎంచుకోవడం

యాత్రకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ మీదుగా వెళ్లేది. రెండవది 2015లో ప్రారంభమైన సిక్కింలోని నాథూలా మార్గం. 2025లో లిపులేఖ్ మీదుగా 50 మంది చొప్పున 5 జట్లు, నాథూలా మీదుగా 50 మంది చొప్పున 10 జట్లు వెళ్లాయి. లిపులేఖ్ యాత్రకు 22 రోజులు, మనిషికి సుమారు 1.74 లక్షల రూపాయలు. నాథూలా యాత్రకు 21 రోజులు, సుమారు 2.83 లక్షల రూపాయలు అవుతాయని ఆ ఏడాది అంచనా వేశారు. కేంద్ర ప్రభుత్వం యాత్రికులకు ఎలాంటి రాయితీ ఇవ్వదు.

లిపులేఖ్ దారి ఢిల్లీ నుంచి టనక్‌పూర్, ధార్చులా మీదుగా కాళీ నది వెంట వ్యాస లోయలోకి ప్రవేశిస్తుంది. బూదీ, గర్బ్యాంగ్, గుంజి, నాబీ వంటి రంగ్ తెగవారి గ్రామాలు ఈ లోయలోనివే. గుంజి దాటి కాలాపానీ, ఓం పర్వతం కనిపించే నాభీధాంగ్ మీదుగా సుమారు 17,000 అడుగుల ఎత్తులోని లిపులేఖ్ కనుమకు చేరి, అక్కడి నుంచి టిబెట్ వైపు తక్లాకోట్‌లోకి దిగుతారు. ఒకప్పుడు ధార్చులా దాటిన తర్వాత రోజుల తరబడి నడవవలసిన ఈ దారిలో 2020 మే నెలలో కొత్త రహదారి ప్రారంభమైంది కనుక, భారత భూభాగంలో నడక ఇప్పుడు చాలా తగ్గింది. దీన్ని చూసి యాత్ర సులువైందని భావించడం సరికాదని నా అభిప్రాయం. నెమ్మదిగా నడిచి ఎక్కిన రోజుల్లో శరీరం ఎత్తుకు అలవాటు పడటానికి తగినంత వ్యవధి దొరికేది. వాహనంలో త్వరగా పైకి చేరినప్పుడు ఆ వ్యవధిని విశ్రాంతి రూపంలో మనమే జాగ్రత్తగా పాటించాలి. పైగా కైలాస ప్రదక్షిణ నేటికీ మూడు రోజుల్లో సుమారు 52 కిలోమీటర్లు సాగుతుంది. రెండో రోజు దాటే డోల్మా లా కనుమ ఎత్తు 5,630 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సగమే. కాకినాడలోనో నెల్లూరులోనో పుట్టి పెరిగినవారి ఊపిరితిత్తులకు ఇది పూర్తిగా కొత్త పరిస్థితి.

దరఖాస్తు పత్రంలో రెండు మార్గాలనూ ప్రాధాన్య క్రమంలో కోరుకోవచ్చు, లేదా ఒక్కదాన్నే కోరుకోవచ్చు. కంప్యూటర్ ఒకసారి మార్గాన్ని, జట్టును కేటాయించిన తర్వాత సాధారణంగా మార్పు ఉండదు. తగిన కారణంతో మార్పు కోరినా, ఖాళీ ఉంటేనే పరిశీలిస్తారు. కనుక నిజంగా వెళ్లదలచుకోని మార్గాన్ని రెండో ప్రాధాన్యంగా పెట్టకపోవడమే మంచిది.

అర్హతలు

దరఖాస్తుదారు భారత పౌరుడై ఉండాలి. విదేశాల్లో ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు అర్హులే. అమెరికా వంటి దేశాల పౌరసత్వం తీసుకుని, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఉన్నవారికి మాత్రం ఈ అధికారిక యాత్రలో అవకాశం లేదు; అటువంటి వారు నేపాల్ మీదుగా ప్రైవేటు సంస్థలు నడిపే యాత్రల్లో వెళ్తుంటారు. వాటికి విదేశాంగ శాఖతో సంబంధం ఉండదు.

యాత్ర జరిగే ఏడాది జనవరి 1 నాటికి వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. పాస్‌పోర్టుకు ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి ఇంకా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, 25 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అధిక రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ వంటి సమస్యలు ఉండకూడదు.

మనవారిలో చాలామంది తడబడేది బీఎంఐ దగ్గరే. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. దీని ప్రకారం 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారు 64 కిలోలకు, 165 సెంటీమీటర్లవారు 68 కిలోలకు, 170 సెంటీమీటర్లవారు 72 కిలోలకు మించకూడదు. 2025లో ఏప్రిల్ చివర ప్రకటన వెలువడి, మే 13తో గడువు ముగిసి, మే 21న డ్రా తీసి, జూన్‌లో యాత్ర మొదలుపెట్టారు. డ్రాలో పేరు వచ్చాక ఎనిమిది కిలోలు తగ్గాలనుకుంటే ఆ వ్యవధి సరిపోదు. కడుపు మాడ్చుకుని తగ్గితే నీరసం మిగులుతుంది. సంక్రాంతి నాటికే బరువు చూసుకుని, వారానికి అరకిలో చొప్పున తగ్గే ప్రయత్నం చేస్తే అవకాశం వచ్చే సమయానికి శరీరం సిద్ధంగా ఉంటుంది. నడక సాధనకు అలిపిరి నుంచి తిరుమలకు ఉన్న 3,550 మెట్ల దారి మంచి పరీక్షే, అయితే అది కాళ్ల బలానికి మాత్రమే పరీక్ష. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లలోపే కనుక, ఆ మెట్లు సునాయాసంగా ఎక్కినంత మాత్రాన 5,000 మీటర్ల పైన ఇబ్బంది రాదని అనుకోకూడదు.

పాస్‌పోర్టు, పేరు

ప్రకటనకు, గడువుకు మధ్య వ్యవధి రెండు మూడు వారాలే ఉంటుంది కాబట్టి, పాస్‌పోర్టు లేనివారు, గడువు దగ్గరపడినవారు ముందే హైదరాబాద్, విజయవాడ లేదా విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయాల పరిధిలోని సేవా కేంద్రాల్లో ఆ పని పూర్తి చేసుకోవాలి. తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. మన ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగానూ, పాన్ కార్డులో పేరు చివరనూ, పాస్‌పోర్టులో మొదటనూ ఉండటం సర్వసాధారణం. యాత్ర దరఖాస్తులో పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అలాగే నింపాలి. చైనా వీసా జట్టు మొత్తానికి కలిపి ఇస్తారు. ఒకరి వివరాల్లో దొర్లిన తప్పు జట్టు మొత్తాన్ని చిక్కుల్లో పెట్టగలదు.

దరఖాస్తు నింపడం

దరఖాస్తును కేఎంవై డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మాత్రమే సమర్పించాలి. తపాలా దరఖాస్తులు తీసుకోరు. ఇది మనమే నేరుగా చేసుకోగలిగిన పని కనుక, సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవలసిన అవసరం లేదు.

ముందుగా ఈమెయిల్, మొబైల్ నంబరుతో ఖాతా తెరవాలి. ఎంపిక సమాచారం ఈ రెండింటికే వస్తుంది కాబట్టి, నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించుకునేవారు ఆ సెంటర్ వారి ఈమెయిల్ కాకుండా తమ సొంతది ఇవ్వాలి. ఒక ఖాతా నుంచి గరిష్ఠంగా ఇద్దరికి దరఖాస్తు చేయవచ్చు. భార్యాభర్తలైనా స్నేహితులైనా కలిసి ఒకే జట్టులో వెళ్లదలచుకుంటే ఆ సంగతిని దరఖాస్తులోనే తెలియజేయాలి. ఫొటోను, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల స్పష్టమైన ప్రతులను అప్‌లోడ్ చేయాలి. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలకు నిజమే రాయాలని గట్టిగా కోరుతున్నాను. దాచిన జబ్బు కాగితం మీద కనిపించకపోయినా, పరీక్షలోనో కొండ మీదో బయటపడుతుంది.

డ్రా, ఆ తర్వాత

గడువు ముగిశాక కంప్యూటర్ యాదృచ్ఛికంగా, స్త్రీపురుషుల నిష్పత్తిని పాటిస్తూ యాత్రికులను ఎంపిక చేసి జట్లు కేటాయిస్తుంది. ఎంపికైనవారికి ఎస్ఎంఎస్, ఈమెయిల్ వస్తాయి, వెబ్‌సైటులోనూ చూసుకోవచ్చు. లిపులేఖ్ యాత్రికులు ఉత్తరాఖండ్ ప్రభుత్వ సంస్థ అయిన కుమావూం మండల్ వికాస్ నిగమ్‌కు, నాథూలా యాత్రికులు సిక్కిం పర్యాటకాభివృద్ధి సంస్థకు నిర్ణీత గడువులోగా నిర్ధారణ సొమ్ము చెల్లించాలి. చెల్లించకపోతే అవకాశం రద్దవుతుంది. చెల్లించాక మానుకుంటే ఆ సొమ్ము తిరిగి రాదు. టిబెట్ వైపు బస, రవాణా ఖర్చులు చైనా అధికారులకు డాలర్లలో కట్టవలసి ఉంటుంది. గుర్రానికి, సామాను మోసే మనిషికి అయ్యే ఖర్చును కూడా లెక్కలో పెట్టుకోవాలి.

తీసుకువెళ్లవలసిన పత్రాల్లో పాస్‌పోర్టు, ఫొటోలతో పాటు మరో మూడు ముఖ్యమైనవి ఉన్నాయి. మొదటిది వంద రూపాయల నాన్ జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ లేదా ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ఇండెమ్నిటీ బాండ్, అంటే యాత్రలో నష్టం జరిగితే ప్రభుత్వాన్ని బాధ్యుల్ని చేయబోమని ఇచ్చే హామీ పత్రం. రెండవది అత్యవసరమైతే హెలికాప్టర్‌లో తరలించడానికి సంబంధించిన హామీ పత్రం. మూడవది చైనా భూభాగంలో మరణం సంభవిస్తే అక్కడే అంత్యక్రియలు జరపడానికి ఇచ్చే అంగీకార పత్రం. వీటి నమూనాలు వెబ్‌సైటులోనే దొరుకుతాయి. ఏ ఒక్కటి లేకపోయినా యాత్రకు అనుమతించరు.

మూడో పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు ఇంట్లో వారికి మనసు కలుక్కుమంటుంది. ఆ భయాన్ని కొట్టిపారేయనవసరం లేదు. 1998 ఆగస్టులో ఇదే లోయలోని మాల్పా గ్రామం మీద కొండచరియలు విరిగిపడి, 60 మంది మానససరోవర యాత్రికులతో సహా 200 మందికి పైగా మరణించారు. కుటుంబ సభ్యులతో కూర్చుని, ప్రమాదాలు ఏమిటో, తాను లేని మూడు వారాలు ఇల్లు ఎలా నడవాలో మాట్లాడుకున్న తర్వాతే ఈ పత్రాల మీద సంతకం చేయడం సబబు.

వైద్య పరీక్షలు

యాత్ర ఢిల్లీలోనే మొదలై ఢిల్లీలోనే ముగుస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు పత్రాల తనిఖీకి, వైద్య పరీక్షలకు సరిపోతాయి. ఢిల్లీ హార్ట్ అండ్ లంగ్ ఇన్‌స్టిట్యూట్‌లో రక్త, మూత్ర పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, ట్రెడ్‌మిల్ పరీక్ష వంటివి చేస్తారు. ఆ ఫలితాలను ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం (ఐటీబీపీ) వైద్యులు పరిశీలించి నిర్ణయం చెబుతారు. ఇవే పరీక్షలను రెండు నెలల ముందు సొంత ఊళ్లోని వైద్యుడి దగ్గర చేయించుకుంటే, సరిదిద్దుకోగల లోపం ఏదైనా ఉన్నప్పుడు వ్యవధి దొరుకుతుంది. ఎత్తుకు అలవాటు పడేందుకు వాడే మాత్రల సంగతి కూడా ఆ వైద్యుడితోనే మాట్లాడాలి. సల్ఫా మందులు (కొన్ని రకాల యాంటీబయాటిక్‌ల వంటివి) పడనివారు ఆ విషయం తప్పక చెప్పాలి.

ఢిల్లీలో ఉత్తీర్ణులైనవారికి లిపులేఖ్ దారిలో గుంజి వద్ద, నాథూలా దారిలో శేరథాంగ్ వద్ద రెండోసారి పరీక్ష ఉంటుంది. మైదానంలో మామూలుగా ఉన్న రక్తపోటు ఎత్తులో పెరగవచ్చు కాబట్టి ఇక్కడ కొందరిని వెనక్కి పంపుతారు, కట్టిన డబ్బు తిరిగి రాదు. గుంజి చేరిన రోజు అటూ ఇటూ తిరగకుండా, నీళ్లు బాగా తాగి, నిద్రపోవడం మేలు. వైద్యుడు ఆగమంటే వాదించకుండా ఆగిపోవాలి, ఎందుకంటే కనుమ దాటాక ఐటీబీపీ వైద్యులు వెంట ఉండరు.

డ్రాలో పేరు రానివారు మరుసటి ఏడాది కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, పాతది దానంతటదే కొనసాగదు. అప్పటికి పాస్‌పోర్టు గడువు సరిపోతుందో లేదో, ఆ జనవరి 1 నాటికి 70 ఏళ్లు దాటుతాయో లేదో ఇప్పుడే లెక్క చూసుకోవాలి.