సూపర్‌మార్కెట్ ప్యాకింగ్‌తో ఇంట్లో పేరుకునే ప్లాస్టిక్‌ను తగ్గించుకోవడం ఎలా?

మొక్కజొన్న పొత్తు చేలో నుంచే అయిదారు పొరల ఆకు కప్పుకుని వస్తుంది. సూపర్‌మార్కెట్‌లో ఆ ఆకంతా ఒలిచి పారేసి, రెండు పొత్తులను థర్మాకోల్ పళ్లెంలో పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర బిగించి అమ్ముతారు. ఇంటికి తెచ్చి పొత్తులు కుక్కర్‌లో వేసేలోగా పళ్లెమూ పొరా చెత్తబుట్టలో పడతాయి. పాత సామాను కొనే వ్యక్తి ఆ రెండింటినీ ముట్టుకోడు. ఇటువంటి చెత్తను ఇంటికి చేరాక ఏం చేయాలన్న ప్రశ్నకు సరైన జవాబు దాదాపు లేదు కనుక, దాన్ని ఇంటికి రానివ్వకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని. మా ఇంట్లో ఆచరించి చూసిన పద్ధతిని వరుసగా వివరిస్తాను.

మొదటి పని: ఒక వారం ప్యాకింగ్‌ను పారేయకుండా దాచండి

ఒక పాత గోనె సంచి గానీ అట్టపెట్టె గానీ తీసుకుని, ఏడు రోజుల పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి కవరును, సీసాను, డబ్బాను, రేకును అందులో వేయండి. పాలు, పెరుగు కవర్లను నీళ్లతో కడిగి ఆరబెట్టి వేయకపోతే రెండో రోజుకే వాసన పట్టి ఇంట్లోవాళ్లు ఈ ప్రయత్నాన్ని మాన్పించేస్తారు. ఎనిమిదో రోజున నేల మీద వార్తాపత్రికలు పరచి అంతా కుమ్మరించి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. మేము చూసినప్పుడు నేను ఊహించినట్టు నీళ్ల సీసాలు, శీతల పానీయాల సీసాలు ఎక్కువ కనిపించలేదు. పాల కవర్లు, కూరగాయలు తూచి ఇచ్చే పల్చటి కవర్లు, పిల్లల బిస్కెట్, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, ఇవే కుప్పలో ముప్పాతిక భాగం. మీ ఇంటి కుప్ప వేరుగా ఉండవచ్చు. ఏది ఎక్కువగా ఉందో తెలియకుండా మొదలుపెడితే, వెదురు బ్రష్షులూ గాజు సీసాలూ కొనడంతోనే ఉత్సాహమంతా ఖర్చయిపోతుంది.

రెండో పని: ఆ కుప్పను మూడు భాగాలుగా విడదీయండి

మొదటి భాగంలో పాత సామాను కొట్లో డబ్బు వచ్చేవి వేయాలి. ప్లాస్టిక్ వస్తువుల అడుగున త్రిభుజాకారపు గుర్తులో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ల సీసాలకు వాడే పెట్ (PET) అనే ప్లాస్టిక్. 2 అంటే షాంపూ సీసాలకు, క్యాన్లకు వాడే గట్టి పాలిథిన్. 4 అంటే పాల కవర్ల వంటి మెత్తని పాలిథిన్. 5 అంటే పెరుగు డబ్బాలకు, హోటల్ పార్సిల్ డబ్బాలకు వాడే పాలీప్రొపిలీన్. శుభ్రంగా ఉంటే వీటిని మామూలుగా కొంటారు.

రెండో భాగంలో ఎవరూ కొననివి వేయాలి. చిప్స్ ప్యాకెట్‌ను కత్తిరించి లోపలి వైపు చూస్తే వెండిలా మెరుస్తుంది. అది ప్లాస్టిక్ పొర మీద అతి పల్చగా పూసిన అల్యూమినియం. దాని మీద మరో ప్లాస్టిక్ పొర, ఆపైన రంగుల అచ్చు ఉంటాయి. ఒకదానికొకటి అతుక్కుపోయిన ఈ పొరలను విడదీయడం చాలా కష్టం, అందుకు అయ్యే ఖర్చు గిట్టదు. బిస్కెట్ రేపర్లు, షాంపూ సాచెట్లు, మసాలా పొట్లాలలో చాలావరకు ఈ జాతివే. వీటిలో కొంత భాగాన్ని సేకరించి సిమెంటు బట్టీలలో ఇంధనంగా వాడుతున్నారు. మిగిలినవి డంపింగ్ యార్డుకో మురుగుకాలువకో చేరతాయి.

మూడో భాగంలో అసలు అవసరమే లేని ప్యాకింగ్ వేయాలి. ఇక్కడ న్యాయంగా ఆలోచించాలి. చిప్స్ కవరులో గాలికి బదులు నైట్రోజన్ నింపేది నూనె గాలి తగిలి కంపు కొట్టకుండా ఉండటానికి. పాలకు, నూనెకు, పనీరుకు ప్యాకింగ్ నిజంగా అవసరం. అరటిపండ్ల గెలకు, కొబ్బరికాయకు, దానిమ్మకు ఏ కవరూ అక్కర్లేదు. ఒక డజను బిస్కెట్లను ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, రెండేసి చొప్పున చిన్న కవర్లలో చుట్టి, మళ్లీ పెద్ద కవరులో పెట్టడం అమ్మకం కోసం చేసే హంగు మాత్రమే. మీ ప్రయత్నమంతా రెండో, మూడో భాగాల మీదనే పెట్టండి.

మూడో పని: సంచులు సిద్ధం చేసుకోండి

రెండు పెద్ద గుడ్డ సంచులు, పాత నూలు చీర లేదా పంచె ముక్కలతో కుట్టిన అయిదారు చిన్న సంచులు, మూత గట్టిగా పట్టే రెండు స్టీలు డబ్బాలు ఉంటే చాలు. చిన్న సంచులకు మూతి దగ్గర తాడు దూర్చి కుట్టించుకోండి. ఇవన్నీ ఒకే సంచిలో పెట్టి బండి తాళం తగిలించే మేకుకే వేలాడదీయండి; బీరువాలో మడతపెట్టిన సంచి ఏనాడూ బజారుకు రాదు.

కొట్లలో గుడ్డ సంచి అని చెప్పి ఇచ్చే రంగురంగుల సంచుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. చాలావరకు అవి నేసిన గుడ్డ కావు, పాలీప్రొపిలీన్‌తో చేసిన నాన్‌వోవెన్ ప్లాస్టిక్ సంచులు. కొన్నాళ్లు ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి. ఆ పొడిని ఏరడం ఎవరి తరమూ కాదు. చట్టం కూడా వీటిని ప్లాస్టిక్‌గానే లెక్కగట్టి, చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువున్న వాటిని 2021 సెప్టెంబరు 30 నుంచి నిషేధించింది. మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగులకు కనీస మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సాయంత్రం బండి మీద కొన్న పచ్చిమిరపకాయలు ఏ కవరులో వచ్చాయో ఒకసారి వేళ్ల మధ్య పెట్టి చూడండి, ఆ నిబంధన ఎంతవరకు అమలవుతోందో తెలుస్తుంది. “కంపోస్టబుల్” అని రాసిన కవర్లను కూడా కుండీలోని మట్టిలో పాతిపెట్టి ఊరుకోలేం. వాటిలో చాలావరకు కుళ్లడానికి కంపోస్టు కేంద్రాలలో ఉండేంత వేడి, తేమ కావాలి.

నాలుగో పని: కొనే చోటు, కొనే తీరు మార్చండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే వస్తుంది. వారానికి రెండుసార్లు కూరగాయలు కొనే ఇల్లు వాటిని రైతుబజారులో గానీ, వీధిలోకి వచ్చే బండి దగ్గర గానీ సొంత సంచులలో వేయించుకుని కొంటే ఆ పల్చటి కవర్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతుబజార్లు ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. టమాటాలు, బెండకాయలు వేర్వేరు చిన్న సంచులలో వేయించుకోండి. కొత్తిమీర, పుదీనా కట్టలను తడిపిన గుడ్డలో చుట్టి తెచ్చుకుంటే వాడిపోవు. సూపర్‌మార్కెట్‌లోనే కొనక తప్పకపోతే, ఉల్లి, బంగాళదుంప, దోసకాయ వంటివి కవరు లేకుండానే తూచి స్టిక్కర్ కాయ మీదో మీ సంచి మీదో అంటించమని అడగండి. మొదటిసారి తూచే అమ్మాయి సందేహిస్తుంది. నాకు కూడా ఒకసారి కుదరదన్నారు; మేనేజరును అడిగితే ఒప్పుకున్నారు. తర్వాత నుంచి అడగవలసిన అవసరమే రాలేదు.

పప్పులు, బియ్యం, బెల్లం, చింతపండు కిరాణా కొట్టులో విడిగా దొరుకుతాయి. డబ్బా తీసుకువెళితే ముందుగా ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి అంకెను సున్నాకు తెప్పించుకోండి, ఆ తర్వాతే పప్పు పోయించుకోండి. డబ్బా బరువుకు కూడా డబ్బులు కట్టామన్న అనుమానంతో ఈ పద్ధతిని మధ్యలో మానేసినవాళ్లు నాకు తెలుసు. ప్యాకెట్ల మీద కిలోకో గ్రాముకో ఎంత పడుతుందో విడిగా ముద్రించి ఉంటుంది కాబట్టి, విడి సరుకు ధరతో పోల్చుకోవడం తేలిక. ఒకప్పటిలా పత్రిక కాగితంలో పొట్లం కట్టించుకోవడం మాత్రం వద్దు. అచ్చు సిరా ఆహారానికి అంటడం ఆరోగ్యానికి మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది.

కారం, పసుపు విడిగా పొడి రూపంలో కొనకండి, కల్తీకి అవే ఎక్కువ అనువైనవి. ఎండుమిరపకాయలు, పసుపుకొమ్ములు, ధనియాలు కొని ఎండబెట్టి, మన వీధి పిండిమరలోనో గిర్నీలోనో పట్టించుకుంటే కల్తీ భయమూ ఉండదు, నెలకు అయిదారు మసాలా పొట్లాలూ తగ్గుతాయి. నూనె విషయంలో ఆహార భద్రతా నిబంధనలు విడి అమ్మకాన్ని అనుమతించవు. అందువల్ల లీటరు ప్యాకెట్లకు బదులు కుటుంబానికి సరిపడా అయిదు లీటర్ల క్యాను గానీ, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి పెద్ద రేకు డబ్బా గానీ కొనడం మేలు. క్యానును పాత సామాను కొట్టువాళ్లు కొంటారు, జిడ్డు పట్టిన నూనె ప్యాకెట్‌ను కొనరు.

మాంసం, చేపలకు స్టీలు డబ్బా తీసుకువెళ్లండి. స్వీట్ల పెట్టెకు చుట్టే ప్లాస్టిక్ పొర 2022 జులై 1 నుంచి నిషేధిత వస్తువుల జాబితాలో ఉంది కనుక వద్దని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. షాంపూ సాచెట్ల స్థానంలో పెద్ద సీసా గానీ కుంకుడుకాయలు గానీ, ప్లాస్టిక్ స్క్రబ్బర్ స్థానంలో ఎండిన బీరపీచు గానీ కొబ్బరిపీచు గానీ పెట్టుకోవచ్చు. ఇంటి దగ్గరకు సరుకు తెప్పించుకునేవారు రోజుకు మూడుసార్లు ఒక్కో వస్తువు కాకుండా రెండు రోజులకొక జాబితాగా తెప్పించుకుంటే కవర్లు సగానికి పైగా తగ్గుతాయి.

అయిదో పని: వచ్చిన ప్లాస్టిక్‌ను తడిచెత్తకు దూరంగా ఉంచండి

పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించకండి. గోరంత ముక్క విడిపోయిందంటే దాన్ని ఎవరూ ఏరరు, ఏ యంత్రమూ పట్టదు, సింకు గుండా కాలువలోకి పోతుంది. సగం వరకే కత్తిరించి మూలను కవరుకే వేలాడనివ్వండి. పాలు పోశాక మూడు వైపులా చీల్చి, నీళ్లతో కడిగి, ఆ నీటిని మొక్కలకు పోసి, కవరును దండెం మీద క్లిప్పుతో ఆరబెట్టండి. నెలరోజులవి ఒకే కట్టగా అమ్మవచ్చు.

కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నాన్ని కవరులో మూటకట్టి పారేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆ వాసనకు వచ్చిన ఆవు మూట విప్పలేక కవరుతో సహా మింగుతుంది. ప్లాస్టిక్ దాని కడుపులో ముద్దగా పేరుకుపోతుంది. తడిచెత్త బుట్టలో అడుగున పత్రిక కాగితం పరచి, తొక్కలను నేరుగా వేసి, మున్సిపల్ బండిలో కుమ్మరించండి. చలికాలంలో నీళ్లు కాచే పొయ్యి అంటించడానికి కవర్లు వాడే అలవాటు పల్లెల్లో, శివారు కాలనీల్లో ఇంకా ఉంది. ప్లాస్టిక్‌ను అలా కాల్చితే విషవాయువులు వెలువడతాయి. పైపులకు వాడే పీవీసీ వంటివి కలిస్తే డయాక్సిన్లు అనే తీవ్రమైన విష రసాయనాలు కూడా పుడతాయి. ఆ పొగను ముందుగా పీల్చేది పొయ్యి ఊదే మనిషే.

ఆరో పని: కంపెనీకి రాయండి

ఇది పది నిమిషాల పని. ప్రతి ప్యాకెట్ మీద వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు, ఈమెయిలు ఉండాలన్నది నిబంధన. కవరులో కవరు, అందులో ట్రే ఉన్న ప్యాకెట్‌ను విప్పి, పొరలన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ఇందులో ఏది తీసేసినా సరుకు పాడవదని మర్యాదగా రాయండి. మార్కెట్లోకి వదిలిన ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులకు, బ్రాండ్ యజమానులకు ఉందని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది కనుక, మీ ఊరిలో ఖాళీ ప్యాకెట్లు ఎక్కడ ఇవ్వాలో కూడా అందులోనే అడగండి.

మళ్లీ లెక్క చూసుకోండి

మూడు నెలల తర్వాత మరొక వారం ప్యాకింగ్ దాచి, అదే చోట పరచి చూడండి. మా ఇంట్లో రెండోసారి కూరగాయల కవర్లు రెండే మిగిలాయి, సాచెట్లు ఒక్కటీ లేవు, బిస్కెట్ రేపర్లు సగమయ్యాయి. పాల కవర్లు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. ఇప్పుడు పక్క వీధి దాకా క్యానుతో వచ్చే పాలాయన మా సందులోకి కూడా రావాలంటే కనీసం నాలుగిళ్లు పాలు పోయించుకోవాలన్నాడు. ఇప్పటికి మూడిళ్లు ఒప్పుకున్నాయి.