పాత ల్యాప్‌టాప్ పవర్ బటన్ విప్పే ముందు

మీ ల్యాప్‌టాప్ పవర్ బటన్ కొన్నాళ్లుగా మొరాయిస్తూ, ఎలాగో ఈ పూట ఆన్ అయిందా? అయితే దాన్ని ఇప్పుడే షట్‌డౌన్ చేయకండి. ఛార్జర్ పెట్టి ఉంచి, ముందు మీ ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇది నాకు మా నాన్నగారి ల్యాప్‌టాప్ దగ్గర తెలిసొచ్చింది. పదేళ్ల నాటిది. బటన్‌ను ఐదారుసార్లు నొక్కి, ఓ పక్కకు ఒత్తిపట్టి ఆన్ చేసుకునేవారు. ఒక రాత్రి అలవాటుగా ఆఫ్ చేసి పడుకున్నారు. పొద్దున్న ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, అమ్మ ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు రోజులు ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. చివరికి హార్డ్ డిస్క్ బయటకు తీసి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అన్నీ భద్రంగా కనిపించాయి. బటన్ పాడైతే డిస్క్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు. అయితే డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా అలా తెరవడం కుదరదు. అందుకే సిస్టమ్ నడుస్తున్నప్పుడే ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

అసలు విప్పకుండానే గడిచే దారి ఉందేమో చూడండి. డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్ లాంటి ఆఫీసు రకాల్లో చాలావాటికి, ఛార్జర్ పెట్టగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, ల్యాప్‌టాప్ సొంత సెట్టింగులు ఉండే చోట) ఉంటుంది. డెల్‌లో ‘వేక్ ఆన్ ఏసీ’ అని, థింక్‌ప్యాడ్‌లో ‘పవర్ ఆన్ విత్ ఏసీ అటాచ్’ అని కనిపిస్తుంది. రీస్టార్ట్ చేసి, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1 నొక్కి లోపలికి వెళ్లవచ్చు. బిట్‌లాకర్ ఉన్న మెషీన్‌లో బయోస్ మార్చగానే ఆ రికవరీ కీ అడగవచ్చు, దగ్గర పెట్టుకోండి. ఈ సెట్టింగ్ పెట్టాక ప్లగ్ తీసి మళ్లీ పెడితే చాలు, బటన్‌తో పనే ఉండదు. కాకపోతే ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్ దానంతట అదే లేచి కూర్చోవచ్చు. వాడనప్పుడు ప్లగ్ తీసేయండి. ఇంకో సంగతి, స్లీప్‌లో ఉన్నది మూత తెరిస్తేనో కీ నొక్కితేనో లేస్తుంది గానీ, హైబర్నేట్ అయినదాన్ని, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచుకుని పూర్తిగా ఆరిపోయినదాన్ని, లేపాలంటే మామూలుగా పవర్ బటనే కావాలి. బ్యాటరీ అడుగంటితే చాలా ల్యాప్‌టాప్‌లు తమంతట తామే హైబర్నేట్‌లోకి పోతాయి.

తప్పు బటన్‌దేనా అన్నది కూడా తేల్చుకోవాలి. లైటు వెలిగి ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, బటన్ తన పని తాను చేసినట్టే. ర్యామ్ వైపో డిస్‌ప్లే వైపో చూడాలి. ఛార్జింగ్ లైటే వెలగకపోతే ముందు అడాప్టర్‌నూ, పిన్ దూర్చే జాక్‌నూ అనుమానించండి. ఛార్జింగ్ లైటు ఉండి, నొక్కినా చలనం లేకపోతే, ఛార్జర్ తీసి, ఊడదీయగల బ్యాటరీ అయితే అదీ తీసి, బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని, ఛార్జర్ ఒక్కటే పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ లేవకపోతే బటన్ మీద అనుమానపడవచ్చు.

ఇక విప్పడం. ఛార్జర్ తీశాక కూడా బ్యాటరీ బోర్డుకు కరెంటు ఇస్తూనే ఉంటుందని మరచిపోవద్దు. బ్యాటరీ లోపల ఉండే రకమైతే, అడుగు మూత తీయగానే ముట్టుకోవాల్సిన మొదటి వస్తువు దాని కనెక్టరే. వైర్లు పట్టి లాగకుండా, కనెక్టర్ అంచును రెండు వైపులా కొంచెం కొంచెంగా జరుపుతూ తీయాలి. బ్యాటరీ ఉబ్బి ఉందనిపిస్తే, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా, బటన్ సంగతి అక్కడే ఆపేయండి. ఉబ్బినదాన్ని నొక్కడం, పొడవడం, కింద ఇనుప స్కేలు పెట్టి పైకి లేపడం చేస్తే మంటలు లేవవచ్చు. దాన్ని చెత్తబుట్టలో కూడా వేయకూడదు. పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి.

చలికాలం పొడి గాలిలో, సిల్కు, పాలిస్టర్ బట్టలతో తివాచీ మీద కూర్చుని ఈ పని చేయకండి. మన ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు బోర్డు మీది చిప్‌ను చంపేసినా మనకు చురుక్కుమన్నట్టు కూడా తెలియదు. చెక్క బల్ల, నూలు బట్టలు, మధ్యమధ్యలో కిటికీ ఇనుప ఊచను ముట్టుకోవడం, ఇంట్లో చేసుకునే పనికి ఈపాటి జాగ్రత్త ఉండాలి.

స్క్రూల దగ్గర అందరూ తొందరపడతారు. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు పొడవుల స్క్రూలు ఉంటాయి. కొన్ని రబ్బరు పాదాల కింద, కొన్ని డీవీడీ డ్రైవ్ తీస్తే గానీ కనబడని చోట దాగి ఉంటాయి. మూత ఎక్కడైనా పట్టేస్తే అక్కడ ఇంకో స్క్రూ ఉందని అర్థం, బలం పెట్టకండి. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన చోటే స్క్రూను గుచ్చి పెట్టండి. నేనొకసారి పొడవు స్క్రూను పొట్టి చోట బిగించాను. అరచేయి ఆనే చోట పైకి బొడిపె లేచింది. అదే బోర్డు మీదికి దిగి ఉంటే దాని లోపలి పొరల్లో కరెంటు వెళ్లే సన్నటి దారులు తెగి, మొత్తం బోర్డే పోయేది. ప్లాస్టిక్ క్లిప్పులు విడదీయడానికి కత్తి వద్దు. పాత ఏటీఎం కార్డు చాలు.

చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ బటన్ వేలెడంత చిన్న బోర్డు మీద ఉంటుంది. అక్కడి నుంచి పలుచటి రిబ్బన్ కేబుల్ మదర్‌బోర్డుకు వెళ్తుంది. బటన్ బాగు చేయబోయి ఎక్కువమంది పాడుచేసేది ఈ రిబ్బన్ కనెక్టర్‌నే. దానికి చిన్న తాళం ఉంటుంది. కొన్నింటికి నల్లటి రెక్కను గోటితో పైకి లేపాలి. కొన్నింటికి రెండు చివరలా సమానంగా ఒక మిల్లీమీటరు బయటకు జరపాలి. ఏ రకమో తెలియకముందే రిబ్బన్ లాగితే కనెక్టర్ విరుగుతుంది, అది మళ్లీ అతకడం ఇంట్లో అయ్యే పని కాదు. తీసే ముందు ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసుకోండి, రిబ్బన్ చివర నీలం పట్టీ ఉంటే అది ఏ వైపు ఉందో కనబడేలా.

చిన్న బోర్డు చేతికొచ్చాక మల్టీమీటర్‌ను బీప్ (రెండు చోట్ల మధ్య కరెంటు దారి కలిస్తే కూతపెట్టే సెట్టింగ్) మీద పెట్టి స్విచ్ కాళ్లకు ఆనించండి. నాలుగు కాళ్లున్న స్విచ్‌లో రెండేసి కాళ్లు లోపలే కలిసి ఉంటాయి కాబట్టి ఎదురుమూలల్లో ఉన్న రెండు కాళ్లు పట్టుకోండి. నొక్కితేనే బీప్ రావాలి, వదలగానే ఆగాలి. స్విచ్ బాగుంటే తప్పు రిబ్బన్‌దో, పైన ప్లాస్టిక్ టోపీ అరిగి స్విచ్‌కు అందకపోవడమో. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో లోపల చిలుము పట్టడం మామూలే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క వేసి ఇరవైసార్లు నొక్కితే కొన్నిసార్లు బాగవుతుంది. శానిటైజర్ వాడకండి, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. ఆల్కహాల్ మంట అంటుకునేది, దగ్గరలో దీపం, అగరుబత్తి ఉండకూడదు. పూర్తిగా ఆరేదాకా అరగంట ఆగండి.

స్విచ్ మార్చాల్సి వస్తే ఎత్తు సరిచూసుకోండి. అర మిల్లీమీటరు ఎక్కువున్నా మూత బిగించగానే బటన్ ఎప్పుడూ నొక్కే ఉంటుంది. పవర్ బటన్ నాలుగు సెకన్లకు పైగా నొక్కి ఉంటే ల్యాప్‌టాప్ బలవంతంగా ఆఫ్ అవుతుంది కాబట్టి, ఆన్ అవడం, ఆరిపోవడం ఇదే వరస. సోల్డరింగ్ అలవాటు లేకపోతే మొత్తం చిన్న బోర్డునే కొనండి. సికింద్రాబాద్ సీటీసీలో (చినాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల మార్కెట్) మోడల్ పేరుతో పాటు బోర్డు మీది నంబరు చూపించి అడగండి. ఒకే మోడల్‌కు రెండు మూడు రకాల బోర్డులు ఉంటాయి. స్విచ్ మదర్‌బోర్డు మీదే ఉంటే మాత్రం చేయి తిరిగిన మెకానిక్‌కు ఇవ్వండి, అక్కడ స్విచ్ కాలు అతికే రాగి ప్యాడ్ లేచిపోతే తిరిగి అతికించడం కష్టం.

స్క్రూడ్రైవర్‌తో రెండు పిన్నులు కలిపి ఆన్ చేసే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. బటన్ తీగలో ఉండేది తక్కువ వోల్టేజీనే గానీ, బోర్డు మీద మరోచోట అడాప్టర్ నుంచి వచ్చే దాదాపు 19 వోల్టులు ఉంటాయి. చేయి జారి ఆ రెండూ కలిస్తే మదర్‌బోర్డు పోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే అది.

అన్నీ తగిలించాక, బ్యాటరీ కనెక్టర్ పెట్టి, స్క్రూలు బిగించకముందే మూత ఆనించి, పదిసార్లు నొక్కి చూడండి. బాగుందనిపిస్తే బిగించి, రాత్రి షట్‌డౌన్ చేసి, పొద్దున్న మళ్లీ నొక్కండి. ఆ నొక్కుడుకు లేచాకే రబ్బరు పాదాలు అంటించండి.