‘ఓ’తో మొదలవ్వాలి, ఊళ్లో ఎవరికీ ఉండకూడదు

తమ్ముడి కొడుకుది రోహిణి నక్షత్రం, ఒకటో పాదం. పంతులుగారు ‘ఓ’ అక్షరం చెప్పి వెళ్లిపోయారు. మరదలేమో, "ఓంకార్ తప్ప ఏదైనా సరే వదినా, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు" అంది. బారసాలకి ఇంకా పదకొండు రోజులు. మేనత్తను కదా, వెతికే టెన్షన్ నాకు తగిలింది. ఊళ్లో ఎవరికీ లేని పేరంటే వేరే దేశాల పేర్లే చూడాలనుకున్నాను.

ముందు అక్షరం పట్టింపు ఉందో లేదో ఇంట్లో తేల్చుకోండి. లేకపోతే హాయి. ఘనాలోని అకాన్ వాళ్లకు పుట్టిన వారమే పేరు: శుక్రవారం పుడితే కోఫీ, శనివారమైతే క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టాడు. క్యాలెండర్ తీసి చూశాను, శుక్రవారమే.

అక్షరం ఉంటే పేర్ల యాప్‌లను నమ్మకండి. వాటిలో ప్రతి వింత పేరుకీ ‘విష్ణువు’ అనో ‘వెలుగు’ అనో అర్థం రాసేస్తారు. పేరు ఏ భాషదో ఆ భాష నిఘంటువులో ఆ మాట ఉందో లేదో చూడండి. అలా వెతికితే నాకు మూడు మిగిలాయి. ఫిన్లాండ్ వాళ్ల ‘ఒన్ని’ అంటే అదృష్టం (ఒ అయినా ఓ అయినా ఒకటేనన్నారు పంతులుగారు). పర్షియన్ ‘ఓమీద్’ అంటే ఆశ, మన హైదరాబాదు ఉర్దూలో వినే ఉమ్మీద్ అదే. ఐర్లండ్ వాళ్ల ‘ఒషీన్’ అంటే జింకపిల్ల.

తర్వాత అసలు పరీక్ష. ఇంట్లో పెద్దావిడ చేత గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిపించండి. మా అమ్మ ఓమీద్ విని, "మీదేమిటే, కిందేమిటే?" అంది. ఒషీన్ బాగానే పలికింది కానీ, ఇంగ్లిషులో ఓ ఐ ఎస్ ఐ ఎన్ అని రాయాలి. హాజరు పిలిచే టీచరు ‘ఒయిసిన్’ అనే చదువుతుంది. టర్కీలో ‘కాయా’ అని పెడతారు, బండరాయి అని అర్థం. మన దగ్గర వాడు బడికెళ్లిన రోజే దొండకాయ అయిపోతాడు.

ఒన్ని అనగానే అమ్మ, "చిన్నిలా ముద్దుగా ఉంది" అంది. ఖాయం అనుకున్నాం. కొరియన్ సీరియల్స్ చూసే పక్కింటి పిల్ల పకపకా నవ్వింది. అక్కడ ఆడపిల్లలు అక్కని దాదాపు ఇలాగే పిలుస్తారట! కాబట్టి వేరే భాషల్లో ఏమని వినిపిస్తుందో కూడా చూసుకోండి.

పెద్దవాళ్లు వింత పేరంటే ఒప్పుకోరనేమీ లేదు. పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పెట్టేవాళ్లు. మంగోలియాలోనూ దుష్టశక్తుల కన్ను పడకూడదని ‘నెర్గుయ్’ అని పెడతారు, అంటే పేరు లేనివాడు. ‘ఎనెబిష్’ అంటే ‘ఇది కాదు’. ఇది చెప్పాకే అమ్మ, "మా పెదనాన్న పెంటయ్యే కదే, ఎనభై దాటి బతికాడు" అని మెత్తబడింది.

సర్టిఫికెట్ కోసం కంగారు పడకండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే చాలు, పేరు 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. స్పెల్లింగ్ మాత్రం నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి.

బారసాల నాడు తమ్ముడు బియ్యంలో ఉంగరంతో ‘ఓంకార్’ అనే రాశాడు, మరదలి మొహం చూడకుండా. ఇంట్లో మాత్రం వాడు ఒన్నియే. పక్కింటి పిల్ల వచ్చినప్పుడల్లా "ఏం అక్కా, పాలు తాగావా?" అంటూ ఎత్తుకుంటుంది.