గీజర్ పైపు లీకేజీ: గోడ పగలగొడితే తెలిసిన కారణం

బాత్రూమ్ గోడకి అవతల బెడ్‌రూమ్‌లో పెయింట్ ఉబ్బి రాలిపోతుంటే, అందరూ వాటర్‌ప్రూఫింగ్ చేయించమన్నారు. దానికి డబ్బు పోసేముందు ఒక పరీక్ష చేశాను. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంక్‌లో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టాను. తెల్లారేసరికి మట్టం తగ్గింది. మర్నాడు గీజర్‌కి వెళ్లే వాల్వ్ కూడా కట్టేస్తే తగ్గలేదు. అంటే లీకు వేడినీళ్ల లైన్‌లోనే.

టైల్ తీయించి చూస్తే ఎల్బో (పైపు మలుపు తిరిగేచోట వేసే ముక్క) దగ్గర చెమ్మ. పైపు సీపీవీసీదే (వేడినీళ్లని తట్టుకునే ప్లాస్టిక్), కానీ వంకరగా కోసి, ఎల్బోలోకి సగమే దూర్చారు. పైగా అతికించింది మామూలు పీవీసీ సొల్యూషన్‌తో (పైపులు అతికించే జిగురు)! సీపీవీసీకి దాని సొల్యూషనే వాడాలి. వేడినీళ్ల లైన్‌లో ఇది మరీ ముఖ్యం. గోడలో దాచేసే పనిలో ఇంత నిర్లక్ష్యం చూస్తే నిజంగా బాధేసింది.

పాత జాయింట్ కోసేసి, కొత్త ఎల్బో, కప్లర్లు (రెండు పైపుల్ని కలిపే ముక్కలు) వేయించాను. పైపు అడ్డంగా, వంకర లేకుండా కోసి, అంచు నునుపు చేసి, తడి పూర్తిగా తుడిచి, పైపుకీ ఫిట్టింగ్‌కీ సీపీవీసీ సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ చివరంటా నెట్టి, 30 సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. రాత్రంతా ఆరనిచ్చాక ప్లంబర్ హ్యాండ్ పంపుతో ప్రెషర్ టెస్ట్ చేశాడు. ప్రెషర్ మీటర్ ముల్లు కదల్లేదని, అంటే లీకు లేదని చూశాకే టైల్ పెట్టనిచ్చాను. బెడ్‌రూమ్ గోడకి మాత్రం తొందరపడి పుట్టీ పెట్టకండి, లోపలి తడి పూర్తిగా ఆరకపోతే పెయింట్ మళ్లీ ఉబ్బుతుంది.