పాత మౌంటెన్ బైక్ కొనేవారికి - 3వ పాఠం: సైజు

పోయిన పాఠంలో ఫ్రేములో పగుళ్లు, తుప్పు ఎలా పట్టుకోవాలో చూశాం. ఫ్రేము బాగుందని తేలినా అప్పుడే డబ్బు ఇవ్వకండి. ఒంటికి సరిపడని బైక్ ఎంత మంచిదైనా కొన్నాళ్లకే మూలన పడుతుంది.

టైలర్ టేపు, గట్టి అట్ట ఉన్న పుస్తకం తీసుకోండి. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడండి. పుస్తకాన్ని కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టండి. నేల నుంచి గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో చూసి 0.57తో గుణించండి. కాలి కొలత 80 సెం.మీ. అయితే గుణిస్తే సుమారు 46 సెం.మీ., అంటే 18 అంగుళాల ఫ్రేము. వెతకడం మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు.

కొనడానికి మాత్రం చాలదు. ఆ 18 అనేది పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం (సీటు కింద నిలువుగా ఉండే ఫ్రేము గొట్టం) వెంట పైకి కొలిచిన పొడవు. కొన్ని కంపెనీలు గొట్టం చివరి దాకా కొలుస్తాయి, కొన్ని పై బారు (సీటు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టం) మధ్య దాకానే. కాబట్టి స్టిక్కరు నమ్మకుండా మీ టేపే పెట్టండి.

నా దృష్టిలో సీటు గొట్టం కంటే పై బారు పొడవే ముఖ్యం. సీటు ఎత్తును సీటు రాడ్డుతో సరిచేసుకోవచ్చు, ఫ్రేము పొడవును ఏమీ చేయలేం. 1990ల క్రాస్‌కంట్రీ బైకులు పందేలకు తయారైనవి. హెడ్ గొట్టం (హ్యాండిల్ కింద ఫ్రేము ముందున్న పొట్టి గొట్టం) వాలు నేలతో దాదాపు 71 డిగ్రీలు, సీటు గొట్టం 73. పొడవాటి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేము ముందు భాగానికి కలిపే ముక్క), ఇరుకు హ్యాండిల్. మనిషి బాగా ముందుకు వంగాలి. కర్నూలు దగ్గరి జగన్నాథ గట్టు కొండ ఎక్కేటప్పుడు ఆ వంగుడే ముందు చక్రాన్ని నేలకు అదిమి పెడుతుంది. అదే బైక్ మీద కర్నూలు నుంచి ఓర్వకల్లు దాకా తొక్కితే నడుము, అరచేతులు నొప్పి పుట్టొచ్చు. హెడ్ గొట్టం మధ్య నుంచి నేలకు సమాంతరంగా సీటు రాడ్డు దాకా కొలిచి రాసుకోండి. ఇప్పుడు తొక్కే సైకిల్‌ను కూడా అలాగే కొలిస్తే తేడా తెలుస్తుంది.

తేడా రెండు సెంటీమీటర్లలోపు అయితే పొట్టి స్టెమ్ వేయించుకోవచ్చు. అంతకు మించితే ఆ బైక్ వదిలేయండి. స్టెమ్ మరీ పొట్టిదైతే హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది. స్టెమ్ కొనేముందు హ్యాండిల్ మందం చూడండి. పాతవి ఎక్కువగా 25.4 మి.మీ., ఇప్పటివి 31.8.

బారుకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. రాళ్ల దారిలో హఠాత్తుగా కాలు దించాల్సి వస్తుంది.

టైరు విషయంలో జాగ్రత్త. ఈ బైకుల రిమ్ము 559 మి.మీ.; టైరు మీద 26 x 1.95 లాగా దశాంశంలో ఉంటుంది. మామూలు సైకిళ్ల 26 x 1 3/8 టైరు 590 మి.మీ. రిమ్ముది. రెంటి మీదా 26 అనే ఉన్నా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు.

వచ్చే పాఠం బ్రేకులు, ముందు ఫోర్కు. ఈలోగా మీ కాలి కొలత, రెండు బైకుల పై బారు పొడవు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.