నవంబరులో కెన్యా సేవకి వెళ్తున్న మన పిల్లలకు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఈ నవంబరులో మన చెన్నై తెలుగు క్రైస్తవ సంఘాల నుంచి కొందరు యూత్ పిల్లలు మూడు నెలల సేవకి పశ్చిమ కెన్యా వెళ్తున్నారు. కిసుము చుట్టుపక్కల పల్లెలు, విక్టోరియా సరస్సు ఒడ్డు. నేను కొన్నేళ్ళ క్రితం ఇదే కాలంలో అక్కడ ఉండి వచ్చాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాళ్ళకి చిన్న వానల కాలం. ఇక్కడ మనకి వానలు పడుతున్నప్పుడే అక్కడా పడతాయి. గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, దోమలు పెరుగుతాయి. వెళ్ళొద్దని చెప్పడానికి రాయడం లేదు, వెళ్ళండి. కానీ మనం జబ్బు పడినా, కాగితాలు సరిగ్గా లేక ఇరుక్కున్నా, నోరు జారి మాటిచ్చినా, ఆ ఖర్చూ కష్టమూ మనల్ని ఇంట్లో పెట్టుకున్న వాళ్ళ నెత్తిన పడతాయి. నా వల్ల పడ్డాయి.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి. టీకా వేశాక పసుపు కార్డు ఇస్తారు. అందులో పేరు, పాస్‌పోర్ట్ వివరాలు అక్కడే నిలబడి సరిచూసుకోండి, ఒక్క అంకె తప్పినా దిద్దించుకునే కదలండి. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ కార్డు చెల్లదు, కాబట్టి టికెట్ తేదీ దగ్గర పెట్టుకుని పరిగెత్తితే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. గుడ్డు పడనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టర్‌కి చెప్పాలి. టెటనస్, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల సంగతి కూడా అప్పుడే అడిగేయండి.

ఇక మలేరియా. దీని గురించి ఎక్కువే చెబుతాను.

చెన్నైలో మనకి దోమంటే డెంగీ దోమ, పగటిపూట కుట్టేది. అక్కడ భయపడాల్సింది రాత్రి కుట్టే దోమకి. మన పని ఉండేది కూడా రాత్రే. సాయంత్రం ఆరుబయట కూటాలు, వారాంతంలో తెల్లవార్లూ ప్రార్థన. మన ఆల్ నైట్ ప్రేయర్ లాంటిదే, వాళ్ళు కేషా అంటారు. పాటల్లో పడితే కాళ్ళ మీద ఏం వాలుతోందో తెలియదు. చీకటి పడకముందే నిండు చేతుల బట్టలు, సాక్సులు వేసుకుని, బయట కనిపించే చర్మానికి దోమల మందు రాసుకోవాలి. పడుకునేటప్పుడు దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే చాలదు.

మాత్రలు తప్పనిసరి. ఎవరికి ఏ మాత్రో డాక్టరే చెప్పాలి. నాకు డాక్సీసైక్లిన్ రాశారు. వెళ్ళే ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళూ రోజూ వేసుకుని, తిరిగొచ్చాక మరో 4 వారాలు వాడాలి. అన్నం తిని, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకుని, కాసేపు కూర్చోవాలని కూడా చెప్పారు. నేను ఆ మాట పట్టించుకోలేదు. రాత్రి ఒక గుక్క నీళ్ళతో మింగి పడుకునేదాన్ని. పది రోజులకే గొంతు దగ్గర నిప్పు పెట్టినట్టు మంట. మూడో వారంలో మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన చేసుకుంటున్నాను కదా, దేవుడే చూసుకుంటాడని నాకు నేనే చెప్పుకున్నాను.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం చలి పట్టుకుంది. ఎండలో కూర్చున్నా పళ్ళు టకటకలాడుతున్నాయి. నన్ను ఇంట్లో పెట్టుకున్న పాస్టరమ్మగారు నన్ను బోడాబోడా మీద, అంటే అద్దె మోటార్ సైకిల్ మీద, ముందు డ్రైవర్, నా వెనక తను కూర్చుని, నడుం చుట్టూ తను చుట్టుకునే కంగా అనే గుడ్డతో నన్ను తనకి కట్టేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తం స్లైడ్ మీద చూసి ఫాల్సిపారం అన్నారు. మలేరియాల్లో ప్రాణం తీసే రకం అదే. మూడు రోజుల్లో 24 మాత్రలు, పూటకి నాలుగు. కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడతాయి. అందుకని ఆమె పూటపూటకీ పాలు కాచి తెచ్చింది. ఇంట్లో ఆవు లేదు, ఆ పాలు కొన్నవి. పరీక్షకీ మందులకీ కట్టిన డబ్బు వాళ్ళ చిన్నమ్మాయి స్కూల్ ఫీజుకి దాచింది. ఆ సంగతి నాకు వారం తర్వాత ఆ పిల్లే చెప్పింది. డబ్బు తిరిగిచ్చాను. కానీ ఆ వారమంతా ఫీజు కట్టక ఆ పిల్ల ఇంట్లోనే ఉంది.

అందుకే, మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని ఎవరైనా అంటే దయచేసి వినకండి. లూకా వైద్యుడు, పౌలు తన ప్రయాణాల్లో ఆయన్ని వెంట ఉంచుకున్నాడు. మాత్ర పడకపోతే మానేయకుండా ఇక్కడి డాక్టర్‌కి ఫోన్ చేసి మార్పించుకోండి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. వైద్యఖర్చులు వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అదికాక కొంత డబ్బు విడిగా కవర్లో పెట్టి, వెళ్ళిన మొదటి రోజే పాస్టర్‌గారి చేతికిచ్చి, ఇది నాకు జబ్బు చేస్తే వాడడానికి అని చెప్పండి. మొహమాటపడతారు. అయినా ఇవ్వండి.

సరస్సు చూస్తే దిగాలనిపిస్తుంది. దిగకండి. ఒడ్డు నీళ్ళలోని నత్తల నుంచి వచ్చే పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది, బిల్హార్జియా అంటారు. బాప్తిస్మాలు అక్కడే ఇస్తుంటే ఒడ్డున నిలబడి పాట పాడండి. ఒకవేళ దిగాల్సివస్తే, తిరిగొచ్చాక ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి, మందు ఉంది.

కాగితాల విషయం. 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. అందులో వెళ్ళే పని ఉన్నదున్నట్టు రాయండి. టూరిస్టునని రాసి స్కూల్లో పాఠాలు చెబుతూ దొరికితే మనల్ని పంపించేస్తారు, పిలిచిన సంఘం మాత్రం అక్కడే ఉండి జవాబు చెప్పుకోవాలి. మత, సేవా పనులకి క్లాస్ ఐ అనే పర్మిట్, కొద్దికాలానికి స్పెషల్ పాస్ అని ఉన్నాయి. మీ పనికి ఏది కావాలో పిలిచినవాళ్ళనే ఇమ్మిగ్రేషన్‌లో అడిగి తెలుసుకోమనండి. వచ్చే ఏడాది నేపాల్ అనుకుంటున్న వాళ్ళకి ఒక మాట. మనకి వీసా అక్కర్లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టం ప్రకారం మతం మార్పిస్తే 5 ఏళ్ళ దాకా జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు.

అమ్మలకి ఒక మనవి. ఆవకాయ, కారప్పొడులు క్యారీబ్యాగుల్లో చుట్టి పెట్టకండి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ఆ ప్లాస్టిక్ సంచులు నిషేధం, జరిమానా చాలా పెద్దది. డబ్బాల్లో గట్టిగా మూతపెట్టి గుడ్డలో చుట్టండి. పచ్చడి కొంచెం చాలు. అక్కడ ఉగాలి పెడతారు, మొక్కజొన్న పిండితో చేసే సంకటి. ఆకుకూరతో తింటే మన రాయలసీమ వాళ్ళకి ఇల్లు గుర్తొస్తుంది. ప్లగ్గు మూడు పలకల పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. అక్కడ చిన్న కొట్లో కూడా ఎం-పెసాతో, అంటే ఫోన్ ద్వారా, డబ్బు కడతారు, దిగగానే పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకోండి.

ఇంకొక జాగ్రత్త మాటల్లో ఉంది. మనం ‘చూద్దాంలే’ అంటే కాదని అర్థం, మన వాళ్ళందరికీ తెలుసు. సండే స్కూల్ కుర్రాడొకడు హైస్కూల్ ఫీజు కడతారా అక్కా అని అడిగితే, కాదనలేక ఇంగ్లీషులో ‘చూస్తాను’ అన్నాను. వాడు అది మాట ఇచ్చినట్టే తీసుకున్నాడు. నేను చెన్నై వచ్చిన నాలుగు నెలలకి పాస్టర్‌గారి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టాడు: అక్కా, చూశారా? ఆ ప్రశ్న ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఎవరు ఏం అడిగినా, అది నా చేతుల్లో లేదు, పాస్టర్‌గారిని అడగండి అని అప్పుడే స్పష్టంగా చెప్పండి. సాయం చేయాలనుంటే పాస్టర్‌గారితో విడిగా మాట్లాడి వాళ్ళ సంఘం చేతుల మీదుగా చేయండి. చేయలేకపోతే ఆశ పెట్టకండి.

పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల్ని అడక్కుండా తీయొద్దు, మన గ్రూపుల్లో పెట్టొద్దు. ఏ బిడ్డతోనూ గదిలో ఒంటరిగా ఉండొద్దు, మీ మనసు ఎంత శుభ్రమైనదైనా సరే.

1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారు, అక్కడ కూలీలుగా బతుకుతున్న మన తెలుగువాళ్ళ కోసం. ఆయన వాళ్ళ భాషతోనే వెళ్ళి, వాళ్ళ మధ్యే ఉండిపోయారు. మనకి ఉండేది మూడు నెలలు, భాష రాదు. కాబట్టి మొదటి రెండు వారాలు ఏ పనీ మీ చేతుల్లోకి తీసుకోకండి. నీళ్ళు మోయండి, బెంచీలు సర్దండి, వాళ్ళు ఎలా చేస్తున్నారో చూడండి.

తిరిగొచ్చాక మాత్రలు డాక్టర్ చెప్పిన రోజు దాకా వేసుకోవాలి, ఇంటికొచ్చేశాం కదా అని ఆపొద్దు. మీరొచ్చే ఫిబ్రవరిలో ఇక్కడ జ్వరమంటే వైరల్ అనో డెంగీ అనో అనుకుంటారు. వచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా, క్లినిక్‌లో కూర్చోగానే కెన్యా వెళ్ళొచ్చానని చెప్పి మలేరియా స్లైడ్ చూడమని అడగండి. నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి.