రోటరీ ఇంజిన్ వేడెక్కుతోందా, రేడియేటర్ మార్చే ముందు ఇవి చూడండి

హోమ్‌బిల్ట్ విమానంలో, అంటే సొంతంగా కట్టుకున్న విమానంలో, మాజ్దా 13బీ రోటరీ ఇంజిన్ పెట్టుకున్నవాళ్లు టెంపరేచర్ పెరిగితే చాలు పెద్ద రేడియేటర్ కొనేద్దాం అంటారు, కానీ చాలాసార్లు తప్పు దానిది కాదు.

ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి కూలెంట్ లెవెల్ చూడండి, వేడి మీద మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. సిస్టమ్‌లో ఎత్తైన చోట గాలి చిక్కుకుంటే పంపు ఎంత తిరిగినా లాభం లేదు, ఆ గాలి బయటికి పోయే దారి అక్కడే ఉండాలి.

నేల మీద బాగానే ఉండి క్లైంబ్‌లోనే, అంటే పైకి ఎగిరేటప్పుడే, వేడెక్కుతుంటే ముందు రేడియేటర్‌కి గాలి తెచ్చే డక్ట్‌నే అనుమానించాలి. రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి ఫిన్స్ లోంచి పోకుండా పక్కనుంచి జారిపోతుంది, అవన్నీ సీల్ చేసేసి గాలి బయటికెళ్లే దారి సరిపోతోందో లేదో కూడా చూడండి, చాలామంది ఇన్‌లెట్ పెంచుతూ పోతారు గానీ ఎగ్జిట్‌ని పట్టించుకోరు.

ఆయిల్ కూలర్‌కీ ఇదే వర్తిస్తుంది, ఇంజిన్‌లో పిస్టన్ల బదులు తిరిగే రోటర్లని లోపల్నుంచి చల్లబరిచేది ఆయిలే కదా.

స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు, కూలెంట్ తగ్గిపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే లోపల కూలెంట్‌ని ఆపే వాటర్ సీల్ పోయి ఉంటుంది, ఇక ఎగరొద్దు, ఇంజిన్ విప్పాల్సిందే.

ఇంకోటి, కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ ఏమీ ఉండదు కాబట్టి టెంపరేచర్ గేజ్ తక్కువ చూపించే ప్రమాదం ఉంది, దయచేసి కూలెంట్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టుకోండి.